దిల్‌సుఖ్‌నగర్ రకం గడ్డి

పోయిన వారం మా కొట్టుకి ఒక కుర్రాడు వచ్చి, బాల్కనీ గోడకి తగిలించే ఆకుల పలక కావాలన్నాడు. మాది దిల్‌సుఖ్‌నగర్‌లో ప్లాస్టిక్ పూలూ, ప్లాస్టిక్ మొక్కలూ, ప్లాస్టిక్ గడ్డీ అమ్మే కొట్టు. ఇలాంటివాళ్లు రోజూ వస్తారు. రంగు చూస్తారు, ధర అడుగుతారు, విని గుండె మీద చెయ్యి వేసుకుంటారు. ఈ అబ్బాయి మాత్రం పలకని బోర్లించి దాని వీపు చూశాడు. చూసి, వాన పడితే దీని వెనక నీళ్లు ఎటు పోతాయని అడిగాడు.

ప్లాస్టిక్ ఆకుని పట్టుకుని ఆ ప్రశ్న వేసే మనుషులు ఈ ఊళ్లో ఒక్కచోటే తయారవుతారు. మేడం దగ్గర చదివినవా అని అడిగాను. తలూపాడు. ఎట్లున్నరు మేడం అన్నాను. పలకని మళ్లీ తిప్పి పెట్టి, ఎండాకాలంలో పోయారని చెప్పాడు. విజయవాడలో, చెల్లెలుగారింట్లో.

నేను ఆ పలకని అతను అడిగిన ధరకే ఇచ్చేశాను. అతను మెట్లు దిగి మెట్రో స్తంభం దాటేదాకా మేడం పోయిన దుఃఖంలో ఉన్నాను. దాటాక, ఒక్క మాట కూడా బేరం ఆడకుండా సరుకు ఇచ్చేశానన్న సంగతి తట్టి, ఇంకో దుఃఖం మొదలైంది. మేడం ఉండి ఉంటే ఈ రెండిట్లో ఏది ఎక్కువగా ఉందమ్మా అని నిజంగానే అడిగేవారు. అడిగి జవాబు కోసం స్టూలు లాక్కుని కూర్చునేవారు.

మా నాన్నది గాజుల దుకాణం. మేనమామది స్టీలు సామాను. బాబాయిది చెప్పుల కొట్టు. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి ఈ సందుల్లోనే పెరిగినవాళ్లం. మా ఇంట్లో పిల్లలకి ముందు బేరం వస్తుంది, ఆ తర్వాతే మాటలు. నేను దవాఖానలో నర్సుతో బేరమాడి ఒక సూది తగ్గించుకున్నదాన్ని. నా పెళ్లి ముహూర్తాన్ని పంతులుగారితో మాట్లాడి ముందుకు జరిపించిందీ నేనే, ఫంక్షన్ హాలు వాడు పొద్దెక్కితే ఎక్కువ అడుగుతున్నాడని. ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. ఇలాంటిదాన్ని కూడా బేరంలో పడగొట్టిన మనిషి ఒకావిడ ఉండేవారని చెప్పడానికి చెబుతున్నాను.

ఆవిడ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చెప్పేవారు. హయత్‌నగర్ దాటాక, బాటసింగారం ఇంకా రాకముందు, హైవే పక్కన ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. అందులో. పార్కులూ, వీధులూ, చెరువు గట్లూ, ఇళ్ల మధ్య మిగిలిన ఖాళీలూ ఎలా ఉండాలో ఆలోచించి గీసే చదువట అది. మొక్కలు పాతడానికి డిగ్రీ ఎందుకని నాకు చాలా కాలం అనుమానం. ఆ అనుమానం మేడంకి కూడా ఉండేది. కాకపోతే ఆవిడ దాన్ని పిల్లల ముందే పైకి అనేవారు.

మొదటిసారి మా కొట్టుకి వచ్చినప్పుడు ఆవిడ వెనక క్లాసు మొత్తం ఉంది. అంతమందిని చూసి, ఏ ఫంక్షన్‌కో స్టేజీ డెకరేషన్ కొనడానికి వచ్చారనుకుని ఫ్యాను కూడా పెంచాను. సన్నగా, పొడుగ్గా, ముడతలు పడ్డ కాటన్ చీరలో, కొంచెం ముందుకి వంగి ఉండేవారు. అది వయసు వంచిన వంపు కాదు. నేలని చూసి చూసి వచ్చిన వంపు. ప్లాస్టిక్ అరటి చెట్టుకీ, మంచు పూసిన ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టుకీ మధ్య స్టూలు వేసుకుని కూర్చుని, పిల్లలూ ఇది మీ మొదటి క్లాసు, ఇందులో తప్పేంటో చెప్పండి అన్నారు.

అంతా ప్లాస్టిక్ కదండీ, అన్నారు పిల్లలు.

"అది తప్పు కాదు, అది వాటి పుట్టుక. వేరే చెప్పండి," అన్నారు మేడం.

పిల్లలు కొట్టంతా కలియదిరిగారు. ఒకే కొమ్మకి మూడు రకాల పూలున్నాయని ఒకమ్మాయి కనిపెట్టింది. ఆకులన్నీ ఒకే దిక్కుకి చూస్తున్నాయన్నాడు ఒకబ్బాయి. మేడం అన్నిటికీ తలూపి, చివరికి అసలు తప్పు తనే చెప్పారు. ఒక్క ఆకుని కూడా పురుగు కొరకలేదట. ఎవరికీ తిండి పెట్టని చోటు ఎంత పచ్చగా ఉన్నా దాన్ని తోట అనకూడదట. నా కొట్టులో, నా స్టూలు మీద, నా ఫ్యాను కింద కూర్చుని నా సరుకుని ఇన్ని మాటలంటుంటే నాకు మండింది. ఏమన్నా కొంటరా మేడం, ఉత్త క్లాసేనా అన్నాను.

వెంటనే ఒక ప్లాస్టిక్ తులసి మొక్క చూపించి ధర అడిగారు. సగానికి అడుగుతారు కదా అని రెట్టింపు చెప్పాను. అది మా వృత్తి ధర్మం. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఇంత తక్కువేంటమ్మా? ఇది వాడదు, ఎండదు. నువ్వూ నేనూ పోయాక కూడా ఉంటుంది. అంతకాలం ఉండేదానికి ఇంతేనా? కాస్త పెంచు."

నాకు కిందికి దిగడం వచ్చు గానీ పైకి ఎక్కడం ఎవరూ నేర్పలేదు. ఇది ఏదో కొత్త రకం ఎత్తుగడ అనుకుని ధర తగ్గించాను. ఆవిడ పెంచారు. నేను ఇంకా తగ్గించాను. పంతులమ్మకి మనసులో ఏదో కష్టం ఉందేమోనని జాలి కూడా మొదలైంది. పిల్లలు టెన్నిస్ ఆట చూస్తున్నట్టు ఇటూ అటూ తలలు తిప్పుతున్నారు. చివరికి ఆ తులసిని కొన్న ధర కంటే కింద అమ్మాను. ఆవిడ దాన్ని చంకలో పెట్టుకుని, మళ్లీ ఏడాది వస్తామని చెప్పి వెళ్లిపోయారు.

నిజంగానే ఏటేటా వచ్చేవారు, కొత్త పిల్లలతో. నేను కూడా మెల్లగా ఆ రోజు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. వ్యాపారానికి అది మంచి అలవాటు కాదని తెలిసి కూడా.

ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ నీళ్ల సీసా ఉండేది. తాగడానికి కాదు. ఎక్కడైనా సరే, బస్టాపులో గానీ, షాపింగ్ మాల్ గుమ్మంలో గానీ, పెళ్లి భోజనాల దగ్గర గానీ, కాసిని నీళ్లు నేల మీద వంపి అవి ఎటు పోతాయో వంగి చూసేవారు. చూడటమే కాదు, వాటి వెంట పోయేవారు. ఒకసారి మా వీధి మొదట్లో నీళ్లు వంపి, ఆ ధార వెంట చీరల షాపుల ముందు నుంచి వంగి నడుస్తుంటే, పాపం పెద్దావిడ కమ్మ పోగొట్టుకుందని జనం అనుకున్నారు. ఒకాయన బండి పక్కన పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. హాస్టల్ పిల్లలు నలుగురు కలిశారు. బత్తాయిల బండి ఆవిడ బండిని వదిలేసి మోకాళ్ల మీద కూర్చుంది. ఏం పోయిందమ్మా అని అడిగితే మేడం తల ఎత్తకుండానే, నీళ్లు పోతున్నాయండీ అన్నారు. ఎవరూ ఆగలేదు. కాసేపటికి కాలువ మూత పక్కన ఎవరిదో వెండి మెట్టె నిజంగానే దొరికింది. అందరూ దాన్ని మేడం చేతిలో పెట్టి, చల్లగా ఉండమని దీవించి వెళ్లిపోయారు. ఆ మెట్టె ఎవరిదో కనుక్కోవడానికి ఆవిడ ఒక వారం మా వీధిలోనే తిరిగారు. క్లాసుని కూడా తిప్పారు. పిల్లలకి అది పాఠమో శిక్షో తెలియలేదు.

పరీక్షలు మరీ అన్యాయం. ఎల్బీ నగర్ చౌరస్తాలో నల్లగొండ, సూర్యాపేట బస్సుల కోసం జనం ఎండలో నిలబడే చోటు ఉంటుంది. మే నెలలో, ఎండ కాస్త వాలిన మధ్యాహ్నం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, మీరిప్పుడు చెట్లు, ఎక్కడ నిలబడతారో మీ ఇష్టం అన్నారట. ఎవరి నీడలోకి జనం ఎక్కువమంది వస్తే వాళ్లకి ఎక్కువ మార్కులు. లావుగా ఉన్న ఒకబ్బాయికి మార్కుల పంట పండింది. సన్నటి పిల్లలు ఇది అన్యాయమని గొడవ చేస్తే, ఒప్పుకుంటాను, చిన్న మొక్కలకి ప్రతి ఊళ్లోనూ జరిగేది ఇదే అన్నారట. అందరికంటే సన్నగా ఉండే నల్లగొండ పిల్ల మాత్రం పోయి మజ్జిగ బండి పక్కన నిలబడింది. దాని నీడ చీపురుపుల్లంత కూడా లేదు గానీ, జనం అంతా అక్కడే ఉన్నారు. ఆ పిల్లకి మొదటి మార్కు ఇచ్చారు. లావుపాటి అబ్బాయి చాన్నాళ్లు ఆవిడతో మాట్లాడలేదట.

కంప్యూటర్లో గీసిన బొమ్మలంటే ఆవిడకి ఒక రకమైన కుతూహలం. ఆ బొమ్మల్లో పార్కు ఏదైనా మనుషులు వాళ్లే ఉంటారు. బెలూన్ పట్టుకున్న పిల్లాడు, తెల్లకుక్కని నడిపించే పొడుగు కాళ్ల అమ్మాయి. ఒకబ్బాయి ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ కింద ఖాళీ స్థలానికి అలాంటి బొమ్మ గీసి తెస్తే, ఈ బెలూన్ పిల్లాణ్ణి అక్కడి నుంచి పిలుచుకుని రా, వాడితో మాట్లాడాలి అన్నారు. ఆ అబ్బాయి పొద్దంతా తిరిగి బెలూన్లు అమ్మే ముసలాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మేడం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మీకు అక్కడ ఏం కావాలండీ అని అడిగితే, గాలి తక్కువ ఉండాలె అన్నాడట. గాలి ఎక్కువైతే బెలూన్లు బండ్ల కిందికి పోతాయి కదా. ఆ క్లాసంతా పార్కులకి గాలి కావాలని చదువుకున్నవాళ్లే. మేడం ఆ రోజంతా పండగలా ఉన్నారట.

ఇలాంటి మనిషిని ఏ కాలేజీ ఎంతకాలం భరిస్తుంది?

కాలేజీ సెక్రటరీ ప్లాట్ల వ్యాపారం నుంచి వచ్చినాయన. ఖాళీ నేల కనిపిస్తే ఆయనకి చేతులు దురద పెడతాయి. మేడం క్లాసుకని భవనం వెనక ఒక మొరం దిబ్బ వదిలారు. దాని మీద పిల్లలు చిన్న చిన్న కట్టలు పోసి, గుంతలు తవ్వి, రోడ్ల పక్కన ఏరిన గింజలు చల్లారు. బాటసింగారం పండ్ల మార్కెట్‌కి పోయే మామిడి లారీల నుంచి హైవే మీద రాలే ఎండుగడ్డి తెచ్చి పైన కప్పారు. ఎండాకాలంలో చూస్తే అది తోటలా కాదు, ఎవరో వస్తువు పారేసుకుని తవ్వి వెతికిన చోటులా ఉండేది.

ఒక ఏడాది మే నెలలో, పైనుంచి కోర్సు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. బాగుంటే కోర్సు ఉంటుంది. లేకపోతే ఎత్తేసి, ఉన్న పిల్లల్ని ఇంటీరియర్ డిజైన్‌లోకి మారుస్తారు, దిబ్బని చదును చేసి కార్లు పెట్టుకుంటారు. తనిఖీకి కావలసిన వాటిలో పచ్చిక బయలు ఒకటి, తోటమాలి ఒకడు ఉండాలట. సెక్రటరీ ఒక్క పూటలో నిర్ణయించేశాడు. దిబ్బ మొత్తానికి ప్లాస్టిక్ గడ్డి. ఆ ఆర్డరు నాకొచ్చింది. నా జీవితంలో అంత పెద్ద ఆర్డరు అంతకుముందు రాలేదు. సంబరంగా ఉంది. ఆ సంబరం మీద సాయంత్రం మేడం వచ్చి కూర్చున్నారు, క్లాసు లేకుండా, ఒక్కరే.

"నువ్వే వేస్తున్నావటగా."

"నేను కాకపోతే బేగంబజార్ నుంచి ఇంకొకడు ఏస్తడు మేడం."

వద్దనలేదు. కోర్సు పోతే ఈ పిల్లలు సోఫాలకి రంగులు చెప్పుకుంటూ బతుకుతారు, ఉంటే కదా ఏదైనా నేర్పడానికి అని మాత్రం అన్నారు. తర్వాత ఎప్పటి ప్రశ్నే. నీ గడ్డి కింద నీళ్లు ఎటు పోతాయి? ప్లాస్టిక్ గడ్డికి నీళ్లెందుకు మేడం అన్నాను.

"గడ్డికి అక్కర్లేదమ్మా. అది ప్లాస్టిక్ అని వానకి ఎవరు చెప్తారు?"

తనిఖీకి వారం ముందే పరిచేశాం, సెక్రటరీకి కంగారు ఎక్కువ. పరిచిన మర్నాడు మేకులు చూద్దామని వెళితే, పిల్లలు పైపు పట్టుకుని నా ప్లాస్టిక్ గడ్డికి నీళ్లు పెడుతున్నారు. దిబ్బకి పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు నీళ్లు పెట్టాలని వాళ్లకి మేడం వంతులు వేసి ఉన్నారు. ఆపమని ఎవరూ చెప్పలేదు. ఆపాలా అని మేడంని అడిగితే, సెక్రటరీగారు ఆపమన్నారా అని తిరిగి అడిగారట. సెక్రటరీ ఆఫీసు కిటికీలోంచి చూసి మురిసిపోతున్నాడు. పోరగాండ్లు యాక్టింగ్ మంచిగ చేస్తున్నరక్కా, నిజం గడ్డి అనుకుంటరు చూసినోళ్లు అన్నాడు నాతో.

తనిఖీ రోజు నేను మిగిలిన డబ్బు కోసం వెళ్లాను. అక్కడ వేరే గండం నడుస్తోంది. కాగితాల మీద తోటమాలిగా రాసి ఉన్నది సెక్రటరీ డ్రైవరు పేరు. ఆ డ్రైవరేమో తనిఖీకి వచ్చేవాళ్లని ఎల్బీ నగర్ మెట్రో దగ్గర ఎక్కించుకుని తీసుకొస్తున్నాడు. కారు దిగగానే వాడే తోటమాలి అంటే బాగుండదు. సెక్రటరీ నన్ను చూశాడు. రోడ్డు మధ్య మొక్కలకి నీళ్లు పెట్టే ఆడవాళ్లు వేసుకునే మెరిసే ఆకుపచ్చ జాకెట్ ఒకటి తెచ్చి, జర ఒక్క గంటసేపు అక్కా అన్నాడు. నేను డబ్బు అప్పటికప్పుడు చేతిలో పెట్టేలా మాట్లాడుకుని జాకెట్ తొడుక్కున్నాను. రిజిస్టర్‌లో డ్రైవరు పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నారు.

ఇద్దరు వచ్చారు. టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకరు, ఫైలు మోస్తున్న చిన్నాయన ఒకరు. పెద్దాయన గడ్డి మీద రెండు అడుగులు వేశారో లేదో, మూడో అడుగు మోకాలిదాకా దిగిపోయింది. వారం రోజుల నీళ్లకి కింద కట్టలు కరిగి, గుంతల్లోకి నా గడ్డి జారి, దిబ్బ మొత్తం పరుపులా ఎగుడుదిగుడు అయిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్నాయన చెయ్యి ఇచ్చి పైకి లాగారు. పెద్దాయన ప్యాంటు దులుపుకుని, ఆ అలల్ని పైనుంచి కిందిదాకా చూసి, అన్‌డ్యులేటింగ్ లాన్ అన్నారు, భక్తిగా. ఇలాంటి పల్లం మిట్టలు మన దగ్గర ఎవరూ చెయ్యరమ్మా అన్నారు.

"ఇది ఏం రకం మేడం?"

"దిల్‌సుఖ్‌నగర్ రకం అండీ," అన్నారు మేడం.

పెద్దాయన కాసేపు ఆలోచించి, విన్నాను అన్నారు. చిన్నాయన రాసుకున్నారు.

మేడం అబద్ధం ఆడరు. అది నాకు తెలుసు కాబట్టి గేటు ఎంత దూరంలో ఉందో చూసుకుంటున్నాను. నీళ్లు ఎక్కువ కావాలా అని అడిగితే, లేకపోయినా ఉంటుందండీ అన్నారు. తెగుళ్లు వస్తాయా అంటే, పురుగు ముట్టుకోదండీ అన్నారు. ఎన్నాళ్లకోసారి కత్తిరించాలంటే, ఎంత ఉందో అంతే ఉంటుందండీ అన్నారు. చిన్నాయన అన్నీ పెన్నుతో రాసుకుంటున్నారు. పెద్దాయన నా వైపు తిరిగి, ఈ గడ్డితో నీకెన్నాళ్ల అనుభవమమ్మా అన్నారు. చాన్నాళ్ల సంది అమ్ముతున్న సార్ అనబోయి, చాన్నాళ్ల సంది ఏస్తున్న సార్ అన్నాను.

అంతా గట్టెక్కింది. కోర్సు బాగుందని కూడా చెప్పేశారు. అప్పుడు పెద్దాయన కొంచెం సిగ్గుపడుతూ, వనస్థలిపురంలో మా ఇంటి ముందు ఒక ముక్క నేల బోసిగా ఉంది మేడం, దీన్ని వేళ్లతో సహా ఒక గుప్పెడు ఇస్తే సాయంత్రం పాతుకుంటాను అన్నారు.

లారీకెత్తి పంపిస్త సార్ అన్నాడు సెక్రటరీ. వద్దు, గుప్పెడు చాలు, నా చేత్తో నేను పీక్కుంటాను అని పెద్దాయన అప్పటికే వంగుతున్నారు. పిల్లలందరూ మేడం వైపు చూస్తున్నారు. ఆవిడ కూడా వాళ్లని ఒకసారి చూశారు. తర్వాత నేల మీద కూర్చుని, అంచున ఉన్న మేకులు పీకి, నా గడ్డిని చాప చుట్టినట్టు చుట్టుకుంటూ పైకి వెళ్లారు.

కింద తడిసిన ఎండుగడ్డి. దానిలోంచి దిబ్బ మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మొలకలు. తంగేడు, గరిక, పిల్లలు తిని ఊసిన పుచ్చగింజలు, పేరు తెలియనివి ఎన్నో. వెలుతురు లేక పసుపుపచ్చగా, వంకర టింకరగా, ఆకాశం ఎటుందో వెతుక్కుంటున్నట్టు.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఇదేంటి మేడం అన్నారు. మొక్కలండీ అన్నారు మేడం. మరి పైన ఉన్నది? అది దిల్‌సుఖ్‌నగర్‌దండీ, ఈవిడ కొట్టులోది.

ఇంక పిడుగు పడుతుందని నేను జాకెట్ గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాను. పిడుగు పడలేదు. పెద్దాయన చిన్నాయన వైపు చూశారు. చిన్నాయన ఫైలు వైపు చూశారు.

"పెన్నుతో రాసేశాం కదమ్మా," అన్నారు పెద్దాయన, దీనంగా. "ఇప్పుడు కొట్టేస్తే ఎందుకు కొట్టేశారని పైవాళ్లు మమ్మల్ని అడుగుతారు. మళ్లీ కప్పెయ్యండి. పచ్చికలో మేం నిలబడ్డ ఫోటో ఒకటి కావాలి. అది తీసుకుని మా దారిన మేం పోతాం."

పిల్లలు చుట్టని విప్పబోయారు. మేడం పక్కకి జరగలేదు. చుట్టకి అడ్డంగా కూర్చుండిపోయారు.

"కప్పితే విరిగిపోతాయండీ. కప్పను."

"మేడం, రెండు నిమిషాల ముచ్చట గిది," అన్నాడు సెక్రటరీ. "ఫోటో లేకపోతే కోర్సు పోతది. నేను పొయ్యేటట్టు చేస్తలేను, మీరు చేస్తున్నరు."

"పోతే పోతుందండీ. మొలకెత్తినదాన్ని తొక్కి డిగ్రీ నిలబెట్టుకోవచ్చని వీళ్లు ఈ రోజు నేర్చుకుంటే, రేపటి నుంచి నేను వీళ్లకి చెప్పడానికి ఏం మిగలదు."

ఆవిడ చుట్టని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నారు. పెద్దాయన కూడా చెడ్డవాడు కాదు, పచ్చిక లేదని రాయక తప్పదమ్మా అని నేల చూపులు చూస్తున్నారు. ఒకరు మొత్తం కప్పాలంటారు. ఒకరు అసలు కప్పనంటారు. ఇద్దరూ కదలరు. ఇద్దరు మనుషులు అలా చెరో ధర మీద బిగుసుకుని నిలబడితే, మధ్యలో ఉన్న జాగా చూసి నా నోరు ఊరుకోదు. అది నా తప్పు కాదు, పెంపకం.

"సార్, ఫోటోల గుట్ట మొత్తం ఎందుకు సార్," అన్నాను. "సగం చాలదా?"

తోటమాలి మాట్లాడటం చూసి అందరూ తిరిగారు. పెద్దాయన ఆలోచించి, సగమైతే సరే అన్నారు. మేడం తల అడ్డంగా ఊపారు. సగంల మీ ముఖాలు చిన్నగ పడతయి సార్, దగ్గర నుంచి తీస్తె మంచిగుంటది అన్నాను. పెద్దాయన టోపీ సర్దుకుని, పావు వంతుకి దిగారు. పావు ఉంటే వెనక మొరం కూడా పడతది, మీకే నామోషీ అన్నాను. చిన్నాయన సెల్‌ఫోన్ అడ్డంగా, నిలువుగా పెట్టి చూపిస్తున్నారు. చివరికి కాళ్ల కింద పచ్చగా కనిపిస్తే చాలుననే చోటికి వచ్చింది బేరం. మా వాళ్లం ఎవరం ఎక్కడికి పోయినా సంచిలో సరుకు ముక్క వేసుకునే పోతాం. నా సంచిలో గుమ్మం ముందు వేసే కాలిపట్టా అంత గడ్డి ముక్క ఉంది. దాన్ని తీసి, మొలకలకి దూరంగా, సిమెంటు గట్టు మీద పరిచాను.

ఆ కాలిపట్టా మీద పెద్దాయన, సెక్రటరీ, ఫోటో అనగానే వచ్చిన ప్రిన్సిపాల్ ఒకరి నడుములు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. సెక్రటరీ ఒక కాలికి చోటు చాలక, దాన్ని వెనక్కి మడిచి కొంగలా ఒంటికాలి మీద ఉన్నాడు. చిన్నాయన నవ్వమన్నారు. నవ్వారు. కోర్సు నిలబడింది.

కారు వెళ్లిపోయాక పిల్లలు నా గడ్డి మొత్తం చుట్టేశారు. దిబ్బ మీద ఎండ పడింది. నేను జాకెట్ విప్పి, తిరిగి ఇచ్చేద్దామని సెక్రటరీ కోసం చూస్తుంటే, మేడం వచ్చి నా చేతిలో నీళ్ల పైపు పెట్టారు.

"ఇదేంది మేడం?"

"రిపోర్టులో రెండు అబద్ధాలు పడ్డాయమ్మా. గడ్డి ఉందని ఒకటి, నువ్వు తోటమాలివని ఒకటి. వానొస్తే గడ్డి సంగతి గడ్డే చూసుకుంటుంది. రెండోది నిజమయ్యేలా నువ్వు చూసుకోవాలి. లేకపోతే నాకు నిద్ర పట్టదు."

సెలవుల్లో పిల్లలు ఊళ్లకి పోతారట. మొలకలకి పొద్దున్నే తడి కావాలట. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నేను బేరం మొదలుపెట్టాను. ఆదివారాలు వస్తానన్నాను. మొక్కలకి ఆదివారం తెలియదమ్మా అన్నారు. దినం తప్పించి దినం అన్నాను. రోజు విడిచి రోజు అన్నం తింటావా అన్నారు. నా కొట్టు, నా గిరాకీ, నా మోకాళ్లు, ఎల్బీ నగర్‌లో దొరకని బస్సులు, అన్నీ ఒక్కొక్కటిగా ఆవిడ ముందు పరిచాను. అన్నీ శ్రద్ధగా విని, అన్నిటికీ అయ్యో అన్నారు. ఒక్క మెట్టు దిగలేదు. చివరికి, సరే మేడం, ఎప్పటిదాకా, అదన్న చెప్పండి, జూన్ మొదట్ల ఆపేద్దామా అన్నాను.

"వాన పడేదాకా," అన్నారు మేడం. "తగ్గించమని అడగాలంటే నన్ను కాదు, దాన్ని అడుగు."

ఆ ఏడాది వాన ఆలస్యంగా వచ్చింది.